పూలు తెప్పించుచున్నారా? ఒక్క మాట!



అడవి పువ్వులను చూచి నేర్చుకొనుమని మన ప్రభువు తన శిష్యులకు బోధించెను (మత్తయి 6:28-30). ఆ పువ్వులు ఎవరును నాటినవి కావు, ఎవరును వెల యిచ్చి కొన్నవి కావు. అయితే నేడు మన ఇండ్లలో జరుగు పెండ్లికైనను, క్రిస్మస్ ఆరాధనకైనను, భూస్థాపన కార్యక్రమమునకైనను కావలసిన పువ్వులు డబ్బిచ్చి తెప్పించుకొనవలసినవే. కనుక ఈ నెల పూలు తెప్పించుకొనుటను గూర్చి కొంచెము వివరముగా వ్రాయుచున్నాము. ఇది చిన్న సంగతియే. కాని దీనిలో ఒక బీదరాలి కష్టార్జితమున్నది, ఒక తల్లి ఎదురుచూపు ఉన్నది, బజారులో క్రీస్తు సంఘమునకున్న పేరు కూడ ఉన్నది.

నార్సింగిలో పూలబుట్ట

హైదరాబాదునకు పడమటి దిక్కున, 1920లో మూసీ నదిపై కట్టిన గండిపేట చెరువునకు సమీపమున నార్సింగి ఉన్నది. ఒకప్పుడు చుట్టును పొలములు, రాళ్ళ గుట్టలు గల పల్లె అది. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. 2008లో గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు ఔటర్ రింగు రోడ్డు తెరచిరి. 2018లో నార్సింగి మునిసిపాలిటీ అయినది. ప్రక్కనున్న కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలములో ఎకరము భూమి నూరు కోట్ల రూపాయలకు మించి పలికినది. ఇంతటి భూమి నడుమ, రోడ్డు ప్రక్కన గొడుగు క్రింద కూర్చుండి, మోచేతితో మూర కొలిచి పూలమ్ము స్త్రీ నేటికిని కనబడును. ఆమె ఎదుటనే మోటారు సైకిలుపై ఒక కుర్రవాడు ఫోనులో ఎవరో కోరిన బొకే పట్టుకొని అంతస్తుల భవనములోనికి పరుగెత్తుచుండును. పాత పద్ధతియు క్రొత్త పద్ధతియు ఒకే వీధిలో నడచుచున్నవి.

ఆ ఇద్దరి చేతిలోని పూలలో చాలా భాగము మన రైతుల తోటలలోనివే. చేవెళ్ళ, మొయినాబాదు, శంకర్‌పల్లి, షాబాదు ప్రాంతములలో బంతి, చామంతి, గులాబీ, లిల్లీ పూలు పండించు కుటుంబములు అనేకము కలవు. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడుటకు 1996లో ప్రభుత్వము ఇచ్చిన 111వ నంబరు జి.వో. వలన 84 గ్రామములలో పెద్ద కట్టడములకు అడ్డు కలిగినది. ఆ విధముగా సేద్యము కొంత నిలిచినది. 2022లో ఆ నిబంధనలను సడలించుచు మరియొక ఉత్తర్వు వచ్చినది. భూమి ధర పెరిగిన చోట పూలతోట నిలుచుట కష్టమని రైతుబిడ్డలైన మీకు చెప్పనక్కరలేదు.

కోసిన పూలు గోనె సంచులలో, బుట్టలలో గుడిమల్కాపూర్ మార్కెట్టునకు వెళ్ళును. జాంబాగ్‌లో ఉండిన పూల మార్కెట్టు 2009లో ఇక్కడికి మారినది. తెల్లవారక మునుపే బేరములు మొదలగును. చిల్లరగా అమ్ముకొను స్త్రీలు కిలోల లెక్కన విడిపూలు కొని, ఇంటిల్లిపాది కూర్చుండి మాల కట్టి, మూరల లెక్కన అమ్ముదురు. సాయంత్రమునకు మిగిలినవి వాడిపోవును. బట్టల కొట్టువానికి నేడు అమ్ముడుపోని చీర రేపు అమ్ముడుపోవును. పూలమ్మకు రేపు లేదు. ఈ మాట గుర్తుంచుకొని మనము బేరమాడవలెను.

ఫోనులో ఆర్డరు ఎట్లు నడచును?

దూరమున ఉన్నవారికి పూలు పంపుట క్రొత్త సంగతి కాదు. 1910లో అమెరికాలోని కొందరు పూల వర్తకులు ఒక సంఘముగా ఏర్పడి, టెలిగ్రాము ద్వారా ఆర్డర్లు ఒకరికొకరు పంపుకొనుట ప్రారంభించిరి. ఒక ఊరిలో డబ్బు కట్టినయెడల మరియొక ఊరి వర్తకుడు పూలు అందించును. మన దేశములో 1994లో ఢిల్లీలో మొదలైన ఫెర్న్స్ ఎన్ పెటల్స్ సంస్థ బొకేల వ్యాపారమును అనేక పట్టణములకు వ్యాపింపజేసినది. నేడు టెలిగ్రాముకు బదులు ఫోను వచ్చినది గాని, పని జరుగు తీరులో పెద్ద మార్పు లేదు. డల్లాసులోనో దుబాయిలోనో ఉన్న కుమారుడు డబ్బు కట్టును. మధ్యవర్తి తన వంతు మినహాయించుకొని, మన ఊరికి దగ్గరలోని కొట్టునకు ఆర్డరు పంపును. చివరకు పూలు కట్టువానికి చేరునది, కుమారుడు కట్టిన దానికంటె తక్కువే. ఆ తగ్గుదల బొకేలో కనబడును.

నార్సింగిలో ఇంటి నంబరు చెప్పిన చాలును. చేవెళ్ళ దాటి లోపలి పల్లెలకు ఈ వసతి అంతగా లేదు. వీధి పేరు లేదు, తలుపు నంబరు ఎవరికిని తెలియదు. కాబట్టి పల్లెలోని కుటుంబములు, పల్లెకు పంపు కుటుంబములు ఈ క్రింది సంగతులు గమనించుట మేలు.

1. మండల కేంద్రములోనో బస్టాండు దగ్గరో ఉన్న పూలకొట్టు నంబరు దగ్గర ఉంచుకొనుడి. పరదేశములో ఉన్న పిల్లలకు కూడ ఆ నంబరు ఇయ్యుడి. నేరుగా మాటలాడి, ఫోను ద్వారానే డబ్బు పంపినయెడల మొత్తము కట్టువానికే చేరును.

2. ఆర్డరు చెప్పునప్పుడు పువ్వు పేరు, ఎన్ని మూరలు లేక ఎన్ని కిలోలు, ఏ దినము, ఏ గంట, ఎవరి చేతికి అను ఐదు సంగతులు స్పష్టముగా చెప్పుడి. “మందిరము దగ్గరకు తెండి” అనుట చాలదు. ఊరిలో మూడు మందిరములు ఉండవచ్చును!

3. కాలమునకు తగిన పూలు కోరుడి. క్రిస్మస్‌కు చామంతి, బంతి విరివిగా దొరకును. ఈస్టరు నాటికి మల్లెలు వచ్చును. కాలము కాని పూల కొరకు పట్టుబట్టినయెడల ఖర్చు రెట్టింపగును.

4. మల్లెలు మొగ్గలుగానే తీసికొనుడి. తడిపి పిండిన పలుచని గుడ్డలో చుట్టి నీడలో ఉంచుడి. లిల్లీ, గ్లాడియోలస్ కాడలను ఏటవాలుగా కోసి నీటిలో నిలుపుడి. ఆదివారము ఆరాధనకు శనివారము సాయంత్రమే తెప్పించుకొనుట మంచిది.

5. దసరా, దీపావళి దినములలోను, పెండ్లి ముహూర్తములు ఎక్కువగా ఉన్న దినములలోను పూల ధర ఆకాశమునంటును. మనకు ముహూర్తములతో పని లేదు గదా! మూఢమునందు పెండ్లిండ్లు తక్కువగా ఉండుటచేత పూలును, పందిరియు, వంటవారును సరసమైన ధరకు దొరకుదురు. అన్ని దినములును ప్రభువు దినములే అని నమ్మువారు ఆ నమ్మకమును పెండ్లి తేదీ పెట్టునప్పుడు కూడ చూపిన, అప్పు కొంత తగ్గును.

ఐదు వందల తెల్లని పువ్వులు

పూలు పంపుటను గూర్చి సంఘ చరిత్రలో ఒక సంగతి కలదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున గ్రాఫ్టన్ అను చిన్న ఊరు ఉన్నది. ఆన్ రీవ్స్ జార్విస్ అను తల్లి ఆ ఊరి మెథడిస్టు మందిరములో ఆదివారపు బడి పిల్లలకు బోధించెను. పసిపిల్లలు రోగములతో చనిపోవుచుండగా తల్లులను సమకూర్చి శుభ్రతను నేర్పెను. ఆమె 1905లో ప్రభువునందు నిద్రించెను. ఆమె కుమార్తె అన్నా జార్విస్ తల్లిని మరువలేదు. 1908 మే 10న ఆ మందిరములో తల్లుల కొరకు ప్రత్యేక ఆరాధన జరిగినది. ఫిలడెల్ఫియా నగరములో ఉన్న అన్నా, తన తల్లికి ఇష్టమైన 500 తెల్లని కార్నేషన్ పువ్వులను ఆ చిన్న ఊరికి పంపెను. 1914లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దానిని దేశమంతటికిని మాతృ దినముగా ప్రకటించెను.

తరువాత జరిగినది కూడ వినుడి. మే నెల వచ్చునప్పటికి వర్తకులు కార్నేషన్ల ధర పెంచసాగిరి. తల్లికి స్వహస్తముతో ఉత్తరము వ్రాయుటకు బదులు అచ్చు వేసిన కార్డు పంపుట ఆచారమైనది. అన్నా దీనిని చూచి వేదనపడి, తాను ప్రారంభించిన దినము వ్యాపారమైపోయినదని మిగిలిన జీవితమంతయు దానితో పోరాడెను. ఆస్తియంతయు కరిగిపోయి, 1948లో ఒక ఆరోగ్యశాలలో మరణించెను. పువ్వులు పంపినదియు ఆమెయే, పువ్వుల వ్యాపారమును ఎదిరించినదియు ఆమెయే. పువ్వు ప్రేమకు గురుతుగా ఉండవచ్చును గాని ప్రేమకు బదులు కాజాలదని ఆమె యెరిగెను.

మన సంఘములలో ఒక తల్లిని చూచితిమి. కుమారుడు విదేశమునుండి పుట్టినరోజునకు పెద్ద బొకే పంపెను. పట్నమునుండి తెచ్చిన ఆ గులాబీలను ఆమె నాలుగు దినములు బిందెలో నిలిపి ఉంచినది. మేము ప్రార్థనకు వెళ్ళినప్పుడు రేకులు రాలియున్నవి. “మంచిగున్నయి అయ్యగారూ. గాని వాడు ఫోన్ల మాట్లాడి రెండు నెలలాయె,” అన్నది. ఆమె కండ్లాపరేషనుకు డబ్బు లేక వాయిదా వేసికొనియున్నది. తలిదండ్రులకు చేయవలసిన మేలును దేవార్పితమని చెప్పి తప్పించుకొనువారిని మన ప్రభువు గద్దించెను (మత్తయి 15:4-6). దేవుని పేరు చెప్పి తప్పించుకొనుటయే తప్పయితే, బొకే చాటున తప్పించుకొనుట ఏలాగు ఒప్పగును? పిల్లలారా, పూలు పంపుడి. ఆ పూలతోపాటు మీ స్వరమును, మందుల ఖర్చును, వీలైనప్పుడు మిమ్మును మీరే పంపుకొనుడి.

పూలు ఎవరికి?

పువ్వులనగానే మన విశ్వాసులలో కొందరు సందేహించుదురు. అవి విగ్రహారాధనకు సంబంధించినవని తల్లో పెట్టుకొనుట మానినవారు కలరు. వారి మనస్సాక్షిని గౌరవించుచున్నాము. అయితే దీపవృక్షముమీద పువ్వులను చెక్కుమని మోషేకు ఆజ్ఞాపించినవాడు దేవుడే (నిర్గమ 25). సొలొమోను మందిరపు గోడలమీద వికసించిన పువ్వులు ఉండెను (1 రాజులు 6). పెట్టుకొనువారు పెట్టుకొననివారిని తృణీకరింపక, పెట్టుకొననివారు పెట్టుకొనువారికి తీర్పు తీర్చక ఉండవలెను.

లుస్త్రలో పూజారి పూదండలు తెచ్చినప్పుడు పౌలు బర్నబాలు బట్టలు చించుకొనిరి (అపొ. కార్య. 14:13, 14). మన సభలలో ప్రసంగీకులకు గజమాలలు వేయుదురు. కొందరు దండ చాలలేదని చిన్నబోవుదురు! మాబోటి కాపరులు పౌలు మాదిరిని ఒకసారి చదువుకొనుట మంచిది.

మరియొక మాట. భర్త చనిపోయిన దినమున భార్య తలలోని పూలు తీసివేయుట, గాజులు పగులగొట్టుట క్రైస్తవ గృహములలో కూడ ఇంకను జరుగుచున్నది. పెట్టెమీద ఉంచుటకు వేలు పోసి పూలచక్రములు తెప్పింతుము. ఆ ప్రక్కనే బ్రదికియున్న స్త్రీ తలలో ఒక మూర పూలు ఉండనియ్యము. ఏ వాక్యము ఈ పని చేయుమన్నది? విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించుటయే నిష్కళంకమైన భక్తి అని యాకోబు వ్రాసెను (1:27). స్త్రీల సమాజపు సహోదరీలారా, ఈ ఆచారమును ఆపగలవారు మీరే. ఆ దినమున ఆమె చేయి పట్టుకొని నిలువుడి.

బాకీ తీర్చిన తరువాతనే సాక్ష్యము

ఒక పెండ్లి అయిన తరువాతి మాట. మందిరమునకును పందిరికిని పూలు కట్టిన స్త్రీ వరుసగా మూడు ఆదివారములు ఆరాధన ముగియు వేళకు వచ్చి మెట్లమీద కూర్చుండెను. ఆమె విశ్వాసి కాదు. లోపల పాటలు వినుచు, పెండ్లివారు బయటకు వచ్చువరకు వేచియుండెను. వారు ప్రక్క ద్వారమున వెళ్ళిపోయిరి. మూడవ వారము సంఘ పెద్దలు విచారింపగా ఆమె, “నేను అప్పు తెచ్చి మార్కెట్ల పూలు కొన్న. వడ్డీ అయితున్నది. మీరు దేవుని మనుషులు గదా అని అడ్వాన్సు గూడ అడగలే,” అన్నది.

ఆ మాట మన హృదయములను గుచ్చవలెను. మనలను దేవుని మనుష్యులని నమ్మినందున ఆమె నష్టపోయినది. పెద్దలు ఆ కుటుంబముతో మాటలాడి, ఆ వారములోనే బాకీ తీర్పించిరి. కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనరాదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది (లేవీ. 19:13). పూలు తెల్లవారుసరికి వాడిపోవును. వాటి వెల కూడ తెల్లవారకముందే చెల్లింపవలెనని ఎంచుకొనుడి. శక్తికి మించిన అలంకరణ కంటె, బాకీ లేని ఒక్క దండ ప్రభువునకు ఇంపైనది.

కనుక ఈసారి మీ ఇంట కార్యము వచ్చినప్పుడు ముందుగా కుటుంబమంతయు కూర్చుండి, పూలకెంత అని ఒక మాట అనుకొనుడి. మన ఊరిలో కట్టువారికే ఆర్డరు ఇయ్యుడి. సగము ముందుగా, మిగతాది పూలు అందిన వెంటనే ఇయ్యుడి. ఆరాధన అయిన తరువాత మందిరములోని పూలను పారవేయక, వ్యాధితోనో వృద్ధాప్యముచేతనో రాలేకపోయిన వారి ఇంటికి యవ్వనస్థులచేత పంపుడి. గడ్డి ఎండును, పువ్వు వాడును, మన దేవుని వాక్యము నిలుచునని యెషయా సాక్ష్యమిచ్చెను (40:8). వాడిపోవు పూల విషయములో నమ్మకముగా ఉండు కృపను ప్రభువు మన కుటుంబములన్నిటికిని దయచేయును గాక. ఆమేన్.