పెద్ద తుపాకుల గుఱియు, వెనుకతన్నును

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో న్యూటను మూడవ నియమమును బోధించుచుండగా, వెనుక బల్లమీది విద్యార్థి యొకడు లేచి, "మాస్టరుగారూ, తూటా యెంత పెద్దదైన గుఱి యంత బాగుగా కుదురును గదా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. కాని యది నవ్వదగిన ప్రశ్న కాదు. విదేశములలో వేటాడువారనేకులు ఆ బాలునివలెనే తలచి, విశేష ధనము వెచ్చించి పెద్ద తుపాకులను కొని, తుదకు మృగమును చంపలేక గాయపఱచి విడుచుచున్నారు. ఆనాడు గంట మ్రోగుటచే నేను సగము జవాబే చెప్పగలిగితిని. తక్కిన సగము ఇచ్చట వ్రాయుచున్నాను.

తల్లిదండ్రులు కలతపడకుందురు గాక. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట వినోదమునకు కాలము చెల్లినది. నేను చెప్పబోవు తుపాకులు ఆఫ్రికా ఖండమునను, అమెరికాలోని అలాస్కా మొదలగు చోట్లను అనుజ్ఞాపత్రము పొంది వేటాడువారు వాడునవి. వానిలో దాగియున్న భౌతికశాస్త్రము మాత్రము ఏ దేశమువారికైనను ఒక్కటే.

ముందుగా పేళ్లు. .375 అనగా గుండు అడ్డుకొలత అంగుళములో వేయింట 375 వంతులని యర్థము. మాగ్నమ్ అనునది లాటిను మాట, గొప్పదని భావము. సాధారణపు తూటాకంటె హెచ్చు మందు పట్టు తూటాలకు ఆ పేరు పెట్టిరి. లండను నగరములోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీవారు 1912లో .375 మాగ్నమ్ తూటాను వెలువరించిరి. దాని యిత్తడి గుల్ల అడుగున నడికట్టువంటి పట్టీ యొకటి యుండును. తరువాత అమెరికాలోని వించెస్టరు కంపెనీవారు 1956లో .458, 1958లో .338, 1963లో .300 మాగ్నమ్ తూటాలను చేసిరి. వీనికిని ఆ పట్టీయే వంశచిహ్నము. వీనితో పోల్చుటకు మాగ్నమ్ కాని తూటా యొకటి కావలెను గదా! అది .30-06. ఇందులో 06 అనునది 1906వ సంవత్సరమును తెలుపును, కొలత కాదు.

ఇక లెక్కకు వత్తము. .375 తూటాలోని గుండు 300 గ్రెయిన్లు తూగును. పౌనునకు 7,000 గ్రెయిన్లు గనుక, అది పౌనులో 70వ వంతులు మూడు. సెకనుకు 2,530 అడుగుల వేగముతో అది గొట్టము విడుచును. బరువును వేగముచే గుణించిన సుమారు 108 వచ్చును. ఇంతటితో లెక్క ముగిసెనని విద్యార్థులు తలతురు, అదియే పొరపాటు. సుమారు 75 గ్రెయిన్ల మందు మండి వాయువై గుండుకంటెను వేగముగా, సెకనుకు దాదాపు 4,000 అడుగుల వడితో, వెలికి దూకును. దానికి 43 కలుపవలెను. మొత్తము 151. తుపాకి బరువు 9 పౌనులైనచో, 151ని 9చే భాగింపగా సెకనుకు దాదాపు 17 అడుగుల వేగముతో అది భుజము మీదికి వచ్చునని తేలును.

ఈ తన్ను బలమును అడుగుపౌనులలో చెప్పుట వాడుక. ఒక పౌను బరువును ఒక యడుగు ఎత్తునకు లేపు శ్రమ ఒక అడుగుపౌను. బరువును వేగపు వర్గముచే గుణించి 64చే భాగించిన అది తెలియును. మన .375 తుపాకికి 40 అడుగుపౌనులు వచ్చును. అదే రీతిని లెక్కించిన గుండునకు నాలుగువేల రెండువందలకు పైగా వచ్చును! చర్యయు, ప్రతిచర్యయు సమానములైనప్పుడు ఇంత భేదమేల? సమానమగునది బరువు వేగముల లబ్ధము మాత్రమే. శక్తి వేగపు వర్గమును బట్టి పోవును గనుక, తేలికయై వేగముగా పోవు గుండునకే దాదాపు శక్తి యంతయు దక్కును. ఈ యేర్పాటే లేకున్న తుపాకి పేల్చినవాడే ముందు పడియుండును.

ఇతర తూటాల సంగతి: 8 పౌనుల తుపాకిలో .30-06 సుమారు 20 అడుగుపౌనుల తన్ను తన్నును. ఎనిమిదిన్నర పౌనుల తుపాకులలో .300 వించెస్టరు మాగ్నమ్ 25, .338 సుమారు 33 తన్నును. 9 పౌనుల .458 దాదాపు 60. తుపాకి బరువును, మందును బట్టి ఈ యంకెలు కొంత మాఱును.

గుఱి యను మాటను మనము రెండర్థములలో వాడుచున్నాము. తుపాకిని బల్లమీద ఇసుకసంచులపై కదలకుండ నుంచి పేల్చిన గుండ్లు ఎంత దగ్గఱగా పడునో యది తుపాకి గుఱి. నూఱు గజముల దూరమున గుండ్లన్నియు ఒక యంగుళములో పడిన, అది డిగ్రీలో 60వ వంతు కోణమునకు దాదాపు సమానము. మంచి గొట్టము, ఏకరీతి గుండ్లు, సరియైన కూర్పు ఉన్న తుపాకి యేదైనను ఈ కొలతకు దగ్గఱగా రాగలదు. అందుకు తూటా పెద్దదనుట కారణము కాదు, ఆటంకమును కాదు. 1935లో అమెరికాలోని కేంప్ పెరీలో వేయి గజముల వింబుల్డన్ కప్పు పందెమును బెన్ కంఫర్ట్ అనునాతడు .300 హాలండ్ మాగ్నమ్ తోనే గెలిచెను. కాని యట్టివారు బోర్లపరుండి, వారుతో చేతిని బిగించి, సంవత్సరముల తరబడి సాధన చేసినవారు.

మాగ్నమ్ వలన నిజమైన లాభము గుండు పోవు దారి నిటారుగా నుండుట. 180 గ్రెయిన్ల గుండ్లను 200 గజములకు సరిచూచి 400 గజములకు పేల్చినచో, .30-06 గుండు దాదాపు రెండడుగులు క్రిందికి దిగును; .300 వించెస్టరు గుండు సుమారు ఇరువది యంగుళములు దిగును. లాభము నాలుగంగుళములు. దానికి చెల్లించు వెల తన్నులో నాలుగవ వంతు హెచ్చు. ఈ బేరము లాభమో నష్టమో భుజమే చెప్పవలెను.

రెండవ గుఱి మనుష్యునిది. కథ యంతయు ఇక్కడనే యున్నది. మందు అంటుకొన్నది మొదలు గుండు గొట్టము దాటుటకు పట్టు కాలము సెకనులో వేయవ వంతుకు కొంచెము పైమాట. ఆ లోపల మన 9 పౌనుల తుపాకి వెనుకకు జరుగునది అంగుళములో ఎనిమిదవ వంతు మాత్రమే. కావున తన్ను తగిలినందున గుఱి తప్పుట యరుదు. తగులునను భయముననే తప్పును. మీట నొక్కుటకు ముందే కన్ను మూయును, భుజము ముందుకు త్రోయును, వ్రేలు మీటను గుంజును.

నేనును ఈ జబ్బు అనుభవించినవాడనే. కళాశాలలో చదువునప్పుడు ఎన్.సి.సి. శిబిరమున .22 తుపాకితో నేను కాల్చిన యైదు గుండ్లును చక్కగా ఒక్కచోట పడినవి. మఱుసటి సంవత్సరము .303 చేతికిచ్చిరి. మొదటి గుండు బాగుగనే పడెను. తక్కిన నాలుగు గుండ్లు నాలుగు దిక్కులు పట్టెను. భుజము నొచ్చినందుకంటె ప్రక్కనున్న మిత్రులు చూచినందుకే యెక్కువ బాధపడితిని.

ఈ భయమును బయటపెట్టు పరీక్ష యొకటి కలదు. మఱియొకడు తుపాకిని నింపి యిచ్చును. ఒకప్పుడు నిజమైన తూటా, ఒకప్పుడు మందులేని వట్టి తూటా పెట్టును. ఏది యున్నదో కాల్చువానికి తెలియదు. వట్టి తూటా వచ్చినప్పుడు చప్పుడు లేకున్నను తుపాకి మూతి దిగ్గున క్రుంగును. అప్పుడు తుపాకిని నిందించుటకు వీలుండదు.

అట్లని చిన్న తూటాయే చాలునని నేననను. స్కాట్లండు దేశీయుడగు వాల్టర్ బెల్ 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఆఫ్రికాలో వేయికి పైగా ఏనుగులను చంపెను. పెక్కింటిని 7 మిల్లీమీటర్ల చిన్న తూటాతోనే చంపెను. ఆ సంహారమును నేను మెచ్చను. ఆతడు ఏనుగు పుఱ్ఱెలను కోసి మెదడుండు తావును నేర్చుకొన్న శ్రద్ధ మాత్రము గమనింపదగినది. ఆ శ్రద్ధ యందఱికి నుండదు గనుకనే, ప్రమాదకర మృగములకు .375కు తక్కువ తూటా వాడరాదని ఆఫ్రికాలోని కొన్ని దేశములు చట్టము చేసినవి. గాయపడిన యడవిదున్న పొదలలో పొంచియుండి, జాడ తీయుచు వచ్చువారి మీద పడును. అట్లు ముందు నడచు జాడగాడు తుపాకి పేల్చినవాడు కాడు. కూలికి వచ్చిన గ్రామవాసి. ఒకని బెదరునకు మఱియొకడు ప్రాణము నొడ్డవలసి వచ్చుచున్నది. ఎలుగుబంట్లకు నిలయమైన అలాస్కాలో సయితము, మాగ్నముతో తడబడుటకంటె .30-06తో సరిగా కొట్టుట మేలని అచ్చటి వేటశాఖవారు సలహా నిచ్చియున్నారు.

తన్నును తగ్గించు నుపాయములు లేకపోలేదు. భుజమున కానించు కొయ్య చివర రబ్బరు దిండు పెట్టిన, దెబ్బ కొంత వ్యవధిలో పఱచుకొని మెత్తబడును. మూతికి రంధ్రముల బిరడా తగిలించిన, వాయువు ప్రక్కలకు, వెనుకకు మరలి తన్ను బాగుగా తగ్గును; కాని చప్పుడు భరింపరానిదగును, ప్రక్కనున్నవాని చెవులకే ముప్పు. దుర్భిణి బిగించువారు కంటికి మూడు నాలుగంగుళముల యెడము విడువకున్న కనుబొమ నెత్తురు కారును. అన్నిటికంటె సులభము చిన్న తుపాకితో చిరకాలము సాధన చేయుట. పిమ్మట తుపాకి బరువు పెంచుట. ఆ బరువు సంగతి విద్యార్థులే తేల్చవలెను. పైని చెప్పిన .375 తుపాకి 9 పౌనులకు బదులు 11 పౌనులు తూగినచో, దాని వేగమెంత? తన్ను ఎన్ని యడుగుపౌనులు? జవాబు కనుగొన్నవారు కాగితము నాకు చూపవచ్చును.