మూలల్లేని ఇల్లు, తుఫాను గాలి

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని పవిత్ర సంగమానికి వచ్చే యాత్రికుల బసకు కోస్తా పల్లెల పాత చుట్టిళ్ల లాంటివి కడితే గాలికి నిలుస్తాయా? అక్కడి పాఠకుడొకరు వేసిన ప్రశ్న ఇది. మట్టిగోడ, వెదురు వాసాలు, తాటాకు కప్పు చుట్టుపక్కలే దొరుకుతాయి, ఇల్లు చల్లగా ఉంటుంది. ఆ సంగతి అందరికీ తెలిసిందే. ఆశ్చర్యమంతా ఆ గుండ్రటి ఆకారంలో ఉంది.

తుఫానులో ముందుగా పోయేది కప్పు. అదీ పైకి లేచి పోతుంది. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విజయవాడకు లెక్కలోకి తీసుకోవలసిన గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో ఒత్తిడి చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, దాదాపు 150 కిలోల బరువుతో సమానం.

అయితే ఆ బలం ఇంటి మీద అంతటా ఒకేలా పడదు. పదునైన అంచు దగ్గర గాలి మలుపు తిరగలేక కప్పును వదిలేసి సుడులు కడుతుంది. సుడి నడుమ పీడనం పడిపోతుంది. చదును కప్పున్న నలుచదరపు ఇంటికి గాలి ఏటవాలుగా తగిలితే, మూల నుంచి రెండంచుల వెంబడి శంకువుల్లాంటి సుడులు పుడతాయి. అక్కడ పైకి లాగే బలం పై లెక్కకు రెట్టింపు దాటగలదు. రేకులు మూల నుంచే లేవడం ఇందుకే.

చుట్టిల్లుకు మూలే లేదు! గాలి గోడను ఒరుసుకుంటూ పక్కలకు జారిపోతుంది. కప్పు వాలు 30 డిగ్రీలు దాటితే గాలికెదురుగా ఉన్న వైపు లాగుడు బాగా తగ్గుతుంది. వాలు ఇంకా పెరిగితే గాలే కప్పును కిందికి అదుముతుంది. చూరు నేలకు దగ్గరగా దిగడంతో గోడకు తగిలే గాలీ తక్కువే.

ఆకారంతో పాటు తలుపులు, కిటికీల సంగతీ చూడాలి. టోర్నడో వస్తే కిటికీలు తెరవమని అమెరికాలో దశాబ్దాల పాటు చెప్పారు. అది తప్పు. ఎదురుగాలి లోపలికి దూరితే కప్పును కింది నుంచి ఎత్తుతుంది. తలుపులు బిగించుకోవడమే మేలు.

ఆకారం నీటిని మాత్రం ఆపదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చింది. నీళ్లలో నానితే మట్టిగోడ కరిగిపోతుంది. కాబట్టి ఏటికి దూరంగా మెరక చూసుకుని, ఎత్తయిన అరుగు మీద కట్టాలి, గాలికి కప్పు లేవకుండా వాసాలను గోడలోకి బిగించి కట్టాలి. అరుగుకు ఇటుకలు కావాలంటే పక్కనే నార్ల తాతారావు థర్మల్ కేంద్రం బూడిద ఉంది. స్లాబు గదుల మీద అలంకారానికి తాటాకు పరిచి ‘పల్లె కాటేజీ’ అని అద్దెకిస్తే ఈ తెలివిలో ఒక్కటీ దక్కదు. పైగా ఆ ఆకే ముందు ఎగిరిపోతుంది.