కారు సింగారము - భీమా కంపెనీకి జాబు

శ్రీకాళహస్తిలో ఏ యాదివారమునాడైనను ఆలయసమీపమున నిలుచుండి చూచినచో, రాహుకేతు పూజకై వచ్చిన మోటారు కార్లు బారులు తీరి కానవచ్చును. వానిలో కర్మాగారమునుండి వెలువడిన రూపముతోనే యున్నవి కొన్ని మాత్రమే. ఒకదానికి మెఱుగు చక్రములు, ఒకదానికి ఒడలంతయు గప్పిన రంగు పొర, మఱియొకదాని లోపల వేల రూపాయల సంగీతయంత్రము, కొన్నింటి ముందు ఉక్కు కడ్డీల చట్రము. క్రొత్త కారు కొన్నవారు నిమ్మకాయలను, గుమ్మడికాయను, కుంకుమబొట్టును మఱవరు. భీమా కంపెనీకి ఒక జాబు వ్రాయుట మాత్రము మఱతురు.

కారు నాది, సొమ్ము నాది, చక్రములు మార్చిన కంపెనీ కేమి యని యడుగువారు గలరు. సంతలో ఎద్దును గొనువాడు దాని పండ్లు చూచి, నడక చూచి బేరమాడును. భీమా కంపెనీకి అట్టి యవకాశము లేదు. మన మాటను నమ్మియే పూచీ వహించును. అందుచేత పూచీకి సంబంధించిన విషయమును ఉభయులలో నెవ్వరును దాచరాదని 1766వ సంవత్సరమున ఇంగ్లండులో కార్టర్-బోహం వ్యాజ్యెమున లార్డు మాన్స్‌ఫీల్డు సూత్రము నేర్పఱచెను. సుమత్రా దీవిలోని కోటపై తీసికొన్న భీమాను గూర్చిన యా వ్యాజ్యెములో ఓడినది పూచీదారే యను సంగతి మన కంపెనీలవారును జ్ఞప్తియందుంచుకొనదగును. తాను విచారింపదగిన దానిని విచారింపక ప్రీమియం పుచ్చుకొని, నష్టము వచ్చిన పిమ్మట "చెప్పలేదు" అనుట చెల్లలేదు.

మన దేశమున కారునకు భీమా విలువ కట్టునపుడు, తయారుచేసినవారు ప్రకటించిన ధరనుండి వయస్సునుబట్టి తరుగు దీసివేయుదురు. ఏడాది దాటి రెండేండ్లలోపు దానికి నూటికి 20, నాలుగు దాటి అయిదేండ్లలోపు దానికి నూటికి 50. ఆ ధరలో చేరని యలంకారములకు వేరుగా విలువ వ్రాయించినగాని అవి లెక్కకు రావు. 2002వ సంవత్సరపు మోటారు టారిఫ్ ననుసరించి విద్యుత్ పరికరములకు వాని విలువపై నూటికి 4 రూపాయల అదనపు ప్రీమియం. 2007 నుండి కారునకు గలుగు నష్టపు రేట్లను కంపెనీలే నిర్ణయించుకొనుచున్నను, ఆ లెక్క మనకు అంచనాకు జాలును. 40,000 రూపాయల సంగీతయంత్రమునకు 1,600 రూపాయలు, పన్ను వేరు. నాయుడుపేట రోడ్డున ఏ లారీయో తగిలి అది నుగ్గయినచో, ఆ 1,600 మిగుల్చుకొన్నవాడు 40,000 తానే భరింపవలయును. అంతేకాదు. చెప్పకుండ చేసిన మార్పే ప్రమాదమునకు హేతువని సర్వేయరు వ్రాసెనా, కారునకు రావలసిన మొత్తమునకే చిక్కు వచ్చును.

ఈ యూరిని దలచినపుడు స్థలపురాణము జ్ఞప్తికి రాకమానదు. పాము మణులతో లింగము నలంకరించెను. ఏనుగు వానిని దొలగించి పత్రపుష్పములు పెట్టెను. ఇరువురిదియు భక్తియే. ఒకరి సంగతి యొకరికి దెలియక కలహించి ఇరువురును ప్రాణములు గోల్పోయిరి. స్వామి వారికి ముక్తి నొసగెను. సర్వేయరు అంత దయాళువు కాడు.

అయితే తెలిపినంతమాత్రమున నిషిద్ధమైనది చెల్లుబాటు కాదు. ముందువైపు బిగించు ఉక్కు చట్రములు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధమని కేంద్రప్రభుత్వము 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. తయారుచేసినవారి వివరములకు భిన్నముగా వాహనమును మార్పరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. అదే సంవత్సరపు సవరణచే యజమానికి మార్పొక్కింటికి 5,000 రూపాయల జుల్మానా, లేదా ఆఱు నెలలవఱకు ఖైదు, లేదా రెండును విధింపవచ్చును. రంగు మార్చినవారు రిజిస్ట్రేషన్ పత్రమున దానిని నమోదు చేయించుకొని, నకలు కంపెనీకి పంపవలయును.

కంపెనీల తప్పు లేదనజాలము. ఏజెంటు నింపిన ఇంగ్లీషు కాగితముపై సంతకము పెట్టించుకొని, సింగారము మాట యెత్తకుండనే పాలసీ చేతికిచ్చుట కలదు. మన రైతు చదువుకొనగల తెలుగులో ఆ ప్రశ్న స్పష్టముగ నుండవలదా? అది వచ్చువఱకు జాగ్రత్త మనదే. వస్తువు బిగించుటకు ముందే, ధర బిల్లుతోడను ఛాయాచిత్రములతోడను జాబు వ్రాసి, పాలసీపై ఎండార్సుమెంటు పొందవలయును. ఏజెంటు "ఫరవాలేదండీ" యనిన మాట పాలసీలో భాగము కాదు. ఏటేట పాలసీ మార్చునపుడును, క్రొత్త కంపెనీకి పోవునపుడును మరల వ్రాయవలయును.

అన్నియు దెలిపినను కంపెనీ నిరాకరించినచో, ఏడాదిలోపల హైదరాబాదులోని భీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కఱలేదు. అచటికి బోవువారి చేతిలో ఆ జాబు నకలును, అది కంపెనీకి జేరిన రసీదును ఉండవలయును.