పొయ్యిలో కాలు పెట్టిన దయ్యం మా అవ్వను నవ్వించింది!

దయ్యం సినిమా చూసి భయపడని వాళ్ళుంటారా? ఉంటారు! దయ్యం సినిమా చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వి, కళ్ళు తుడుచుకుని, మర్నాటి నుంచి దయ్యమంటేనే లెక్కలేకుండా పోయినవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళలో నేనొకణ్ణి. ఇంకొకరు మా అవ్వ. మా ఇద్దరికీ ఆ ధైర్యం నూరిపోసిన మహానుభావుడు ఎవరో కాదు... జానపద బ్రహ్మ విఠలాచార్య!

మాది విడపనకల్లు. అనంతపురం జిల్లాలో, గుంతకల్లు నుంచి బళ్ళారి పోయే దారిలో ఉంటుంది. మా ఊళ్ళో నిలబడి కూతేస్తే కర్ణాటక పలుకుతుంది. వాన మాత్రం ఎంత పిలిచినా పలకదు! రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత దేశంలో తక్కువ వాన పడే జిల్లా మాదేనని బళ్ళో అయ్యవారు చెప్పినప్పుడు, రెండో ర్యాంకు వచ్చిందని చప్పట్లు కొట్టిన ఘనులం మేము. సినిమా చూడాలంటే ఉరవకొండకో, గుంతకల్లుకో, బళ్ళారికో బస్సెక్కాలి. బస్సు చార్జీ, టిక్కెట్టు, ఇంటర్వెల్లులో బొరుగులు... ఇన్ని ఖర్చులు ఎవరు పెడతారు? అందుకే మాకు వెండితెర కన్నా బుల్లితెరే దిక్కు.

అది 2002. దేశమంతా వాన మొహం చాటేసిన ఏడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. శెనక్కాయ వేస్తే విత్తనాల ఖర్చు కూడా తిరిగి రాలేదు. నాయన ఒక చేతిసంచి తీసుకుని బెంగుళూరికి బేల్దారి పనికి పోయినాడు. ఇంట్లో మిగిలింది అమ్మ, అవ్వ, నేను. నాయన బస్సెక్కిన రోజు నుంచి అవ్వ మాటలు తగ్గించేసింది. ఇక నవ్వు సంగతి అడక్కండి.

నా బాధ ఇంకొకటి. అమ్మ పగలంతా కూలికి పోయేది. కంపకట్టెలు కొట్టుకురావడానికి పొద్దు గుంకే వేళే కుదిరేది. తోడు పోవలసినవాణ్ణి నేను. కానీ దారిలో ఒక చింతచెట్టుంది. ఆ చెట్టు మీద ఆడదయ్యం జుట్టు విరబోసుకుని కూచుంటుందని మా క్లాసు పిల్లలు ఒట్టు పెట్టి మరీ చెప్పినారు. ఇంకేముంది, నేను రానంటే రానని మొండికేసేవాణ్ణి. అమ్మ ఒక్కతే పోయేది. ఆమె తిరిగొచ్చేదాకా గడపలో కూచుని ఏడ్చేవాణ్ణి. పోతే దయ్యం భయం, పోకపోతే అమ్మను దయ్యం ఎత్తుకుపోతుందనే భయం!

మోహిని వచ్చిందహో!

అట్లాంటి రోజుల్లో ఓ శనివారం రాత్రి టీవీలో 'జగన్మోహిని' వేస్తున్నారని వీధంతా గుప్పుమంది. పక్కింటి పెద్దమ్మ వాళ్ళకు కలర్ టీవీ ఉండేది. భోజనాలు ముగించి చాపలు చంకన పెట్టుకుని అందరూ అక్కడ చేరిపోయినారు. నేను దుప్పటి కప్పేసుకుని పడుకున్నాను. అవ్వ వచ్చి దుప్పటి లాగేసింది.

"దా అబ్బీ, దయ్యం మన కాడికి రాకముందే మనమే పోయి చూసొస్తాం!"

'జగన్మోహిని' గురించి ఈ తరం కుర్రకారుకు రెండు ముక్కలు చెప్పాలి. 1978లో విఠలాచార్య స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించిన చిత్రం. 'ఆంధ్రా కమల్‌హాసన్' అని అభిమానులు ముద్దుగా పిలుచుకున్న నరసింహరాజు హీరో, ప్రభ హీరోయిన్. కానీ టిక్కెట్లు తెంపించింది మాత్రం మోహినిగా వేసిన జయమాలిని. జ్యోతిలక్ష్మి చెల్లెలిగా, ఒక్క పాటతో హాలును ఊపేసే డాన్సర్‌గా పేరున్న జయమాలినికి సినిమా మొత్తం మోసే పాత్ర ఇచ్చారు విఠలాచార్య. ఆమె మోసింది! సినిమా తమిళంలోకి పోయి అక్కడా దడ పుట్టించి, డబ్బూ దండుకుంది. 2009లో నమితతో తమిళంలో మళ్ళీ తీశారంటే ఆ దయ్యానికి ఎంత ఆయుష్షో చూడండి.

సరే, పెద్దమ్మ ఇంటికొద్దాం. నేను అవ్వ కొంగు చాటు నుంచి ఒక కన్నుతో తెరను చూస్తున్నాను. రెండో కన్ను మూసే ఉంది, అవసరానికి! మోహిని నవ్వినప్పుడల్లా గుండె గొంతులోకొస్తోంది. ఇంతలో ఆ ఘట్టం రానే వచ్చింది. ఈ సినిమా పేరెత్తితే ఇప్పటికీ అందరూ తలుచుకునే ఘట్టం. దయ్యం వంట చేస్తోంది. పొయ్యిలో కట్టెలకు బదులు... కాలు పెట్టేసింది! తన సొంత కాలు!

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

చిమ్మచీకటి. ఎవరో కెవ్వుమన్నారు. పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడినారు. నేనైతే ఊపిరి కూడా బిగబట్టేశాను. ఆ చీకట్లోంచి అవ్వ గొంతు వినిపించింది.

"భలే కోడలు దొరికిండాదే వాళ్ళకి! కట్టె కొనే పని లేదు, కంప కొట్టే పని లేదు. ఈ కరువులో అట్లాంటి పిల్ల మన ఇంట్లో ఉండింటే ఎంత బాగుండు!"

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అమ్మ అందుకుంది: "ఉండు అత్తా, రేపట్నుంచి నేనూ అదే పని చేస్తా. ముందు నీ కాలు, అది అయిపోతే నా కాలు."

"నా కాలే పెట్టుమ్మా. నీది పచ్చికట్టె, పొగ పెడతాది. నాది ఎండిపోయిన కట్టె, బాగా మండుతాది!"

అంతే! ఇల్లు గొల్లుమంది. "దయ్యం కాలు కాల్తాందని కరెంటోళ్ళకు జాలి పుట్టినట్టుంది, అందుకే ఆర్పేసినారు" అని వాకిట్లోంచి పెదనాయన. "రెండు కాళ్ళూ కాలిపోతే దయ్యం ఎట్లా నడుస్తాది?" అని ఒక పిల్లోడి సందేహం. "దయ్యాలకు చక్రాలు పెడతారులేరా" అని ఇంకొకరి సమాధానం. అవ్వ నవ్వుతోంది. నాయన పోయిన తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. చీకట్లో ఆమె మొహం కనబడలేదు గానీ, నేను దూరిన కొంగు మాత్రం నవ్వుతో ఊగుతోంది.

కరెంటు వచ్చేసరికి తెర మీద వేరే ఏదో పాట నడుస్తోంది. ఎవరికీ చింత లేదు. మాకు కావలసిన సినిమా చీకట్లోనే అయిపోయింది.

కెమెరా ఆపు, దయ్యం మాయం!

ఇంతకీ ఈ దయ్యాల కిటుకులు ఎక్కడివి? ఇది తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి, ఏకంగా ఫ్రాన్సు దాకా పోవాలి. జార్జి మెలియెస్ అని ఒక గారడీవాడు. పారిస్ వీధిలో సినిమా తీస్తుంటే కెమెరా కాసేపు ఇరుక్కుపోయిందట. బాగుచేసి మళ్ళీ తిప్పాడు. తర్వాత వేసి చూసుకుంటే, నడుస్తున్న బస్సు ఉన్నట్టుండి శవాల బండిగా మారిపోయింది! ఈ కథ మెలియెస్సే చెప్పుకున్నాడు. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్ళీ తిప్పితే మనిషి మాయం. ఇంత సులువు! 1896లో ఆయన తీసిన మూడు నిమిషాల దయ్యాలకోట చిత్రాన్నే ప్రపంచంలో మొట్టమొదటి హారర్ సినిమా అంటారు చాలామంది. తమాషా ఏమిటంటే, గబ్బిలం దయ్యమయ్యే ఆ చిత్రం జనాన్ని హడలెత్తించడానికి తీసింది కాదు, వినోదానికి తీసింది. అంటే తెర మీద దయ్యం పుట్టిందే తమాషా కోసమన్నమాట!

ఆ విద్యను మన తెలుగు వంటింట్లోకి తెచ్చినవారు విఠలాచార్య. ఉడుపి దగ్గర ఉద్యావరలో 1920 జనవరి 28న పుట్టిన కన్నడిగుడు. కర్ణాటకలోని అరసికెరెలో టూరింగ్ టాకీసు నడిపిన అనుభవం ఆయనది. డేరాలో కూచున్న ప్రేక్షకుడు ఎక్కడ ఈల వేస్తాడో, ఎక్కడ బీడీ వెలిగించుకోవడానికి లేస్తాడో దగ్గరుండి చూసిన మనిషి. ఎన్టీఆర్‌తో 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964), 'లక్ష్మీ కటాక్షం' (1970) తీసినా, కాంతారావుతో కత్తులు తిప్పించినా, పెద్ద పెద్ద బడ్జెట్ల జోలికి పోకుండా డబ్బు లెక్కచూసి ఖర్చు పెట్టారు. డేట్లివ్వకుండా ఏడిపించే నటుణ్ణి కథలో మేకగానో చిలకగానో మార్చేసి షూటింగు కానిచ్చేసేవారని సినీ జనం ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. నిజమెంతో ఏమో గానీ, వింటే మాత్రం 'ఆయన చేసినా చేస్తారు' అనిపిస్తుంది! 1999 మే 28న ఆయన కన్నుమూశారు. ఆయన దయ్యాలు మాత్రం టీవీల్లో తిరుగుతూనే ఉన్నాయి.

మన కష్టమే దయ్యానికీ!

ఆ రాత్రి మేమెందుకు నవ్వామో చాలా ఏళ్ళు ఆలోచించాను. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు స్నేహితులతో వాదించాను కూడా. "ఆ ట్రిక్కులు పాతవి కదా, అందుకే నవ్వొస్తుంది" అనేవాళ్ళు వాళ్ళు. నేనొప్పుకోను. ఆ రాత్రి మా పెద్దమ్మ ఇంట్లో ట్రిక్కు గురించి ఎవరికి పట్టింది? విఠలాచార్య చేసిన చమత్కారం వేరే. లోకాన్ని గడగడలాడించే శక్తి ఉన్న దయ్యాన్ని తెచ్చి పొయ్యి ముందు కూచోబెట్టారు. ఆకాశానికి ఎగిరే దయ్యానికి కూడా అన్నం ఉడకాలంటే మంట కావలసిందే! ఆ ఒక్క దెబ్బతో దయ్యం మా వీధి మనిషైపోయింది. మా అమ్మ కష్టం దానికీ వచ్చింది. మనలాంటి కష్టమే ఉన్నదాన్ని చూసి భయపడేదెట్లా?

భయపెట్టే దయ్యాలు మనకు లేకపోలేదు. 90లలో ఈటీవీలో 'అన్వేషిత' సీరియల్ వస్తుంటే తలుపులు గడియ పెట్టుకుని చూశామని మా అక్కలు చెబుతారు. రాంగోపాల్ వర్మ 'రాత్రి' (1992) చూసి బాత్‌రూముకు పోలేని వాళ్ళ సంగతీ తెలుసు. ఆ మజా ఆ మజానే. కానీ నవ్వించే దయ్యానికి ఒక సుగుణముంది. అది మనతోపాటు ఇంటికి వస్తుంది గానీ మంచం కింద దాక్కోదు. 'ప్రేమకథా చిత్రమ్' (2013), 'గీతాంజలి' (2014), మనుషుల్ని చూసి దయ్యాలే భయపడే 'ఆనందో బ్రహ్మ' (2017)... వీటికి హాల్లో ఈలలు వేసిన కుర్రాళ్ళందరూ ఒకసారి మోహినికి దండం పెట్టుకోవాలి. ఆ పొయ్యి వెలిగించింది ఆమే!

చింతచెట్టు కింద...

మర్నాడు సాయంత్రం అమ్మ కొడవలి తీయగానే నేనూ లేచి వెంట నడిచాను. అమ్మ ఏమీ అడగలేదు. చింతచెట్టు దగ్గరికొచ్చేసరికి కాళ్ళు వణికిన మాట నిజమే. అయినా ఆగి, తలెత్తి, గొంతు చించుకుని అరిచాను: "ఏయ్ దయ్యమా! కాలుంటే ఇటియ్యి, కట్టెలు తక్కువైనాయి!" అరిచి ఒకటే పరుగు! వెనక్కి తిరిగి చూస్తే అమ్మ నడిరోడ్డు మీద కూచుని నవ్వుతోంది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా అమ్మను ఒంటరిగా కట్టెలకు పంపలేదు.

ఆ వారం నాయన బెంగుళూరు నుంచి అంగడి ఫోనుకు చేసినాడు. డబ్బులు అందినాయా, అప్పులోళ్ళు వచ్చినారా అని ఆయన అడుగుతూనే ఉన్నాడు. అవ్వ వింటేనా? "ఒరేయ్, నీ పెండ్లాం నా కాలు పొయ్యిలో పెడతానంటాంది. రెండు కాళ్ళూ ఉండంగానే వచ్చి చూసిపో" అనింది. ఫోనులోంచి నాయన నవ్వు అంగట్లో అందరికీ వినబడింది. సంక్రాంతికి ఇంటికి వచ్చినాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఫోనులో ఆ ఘట్టం పూర్తిగా చూశాను. కరెంటు మింగేసిన ముక్క అన్నమాట. నిజం చెప్పొద్దూ, కాస్త నిరాశ పడ్డాను. మా అవ్వ చీకట్లో చూపించిన దాంట్లో అది పదోవంతు కూడా లేదు! అవ్వకు చూపిద్దామంటే, అప్పటికే ఆమె లేదు.

ఇప్పుడు మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. నేను అనంతపురంలో గది అద్దెకు తీసుకుని, పత్రికలకు రాసుకుంటూ, చేతనైనంత వండుకుంటున్నాను. మొన్న రాత్రి పప్పు సగం ఉడికాక సిలిండరు అయిపోయింది. అమ్మకు ఫోన్ చేసి "ఏం చెయ్యాలమ్మా?" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కాలుంది కదరా నాయనా!"