కార్బురేటరుకూ ఒక జాతకం

అమెరికాలో పాతకార్ల వేలంపాటలకు వెళితే ఒక వింత చూడవచ్చును. భారీగా సొమ్ము పోసి కారు కొనవచ్చిన పెద్దమనిషి దాని రంగును గానీ, మెత్తని సీట్లను గానీ ముందుగా చూడడు. మూత ఎత్తించి, చేతిలో దీపమూ చిన్న అద్దమూ పట్టుకుని ఇంజను మీదికి వంగుతాడు. గాలి వడబోసే డబ్బా తీయించి, దాని కింద వున్న కార్బురేటరు మీది అంకెలు చదువుకుంటాడు. అంకెలు కుదిరితే మొహం వికసిస్తుంది. కుదరకపోతే అక్కడికక్కడే బేరం దిగిపోతుంది.

ఏమిటీ కార్లు? 1964లో పాంటియాక్ కంపెనీ తన మధ్యరకం కారులో పెద్దకార్లకు వాడే 389 ఘనపుటంగుళాల ఇంజను బిగించి, జి.టి.ఓ. అనే పేరు పెట్టి అమ్మింది. కుర్రకారు వెర్రెత్తిపోయారు. షెవ్రొలే, ఫోర్డు, డాడ్జి, ప్లిమత్ కార్లవాళ్లు కూడా అదే దారి పట్టారు. డెట్రాయిట్‌లోని వుడ్‌వర్డ్ అవెన్యూ మీద రాత్రివేళ ఈ కార్లతో పందాలు సాగేవి. వీటికే 'మజిల్ కార్లు' అని పేరు. కండబలం గల కార్లన్నమాట. ఇన్సూరెన్సు ఖర్చులూ, పొగ మీద ఆంక్షలూ, 1973నాటి పెట్రోలు కరువూ కలిసి ఆ ముచ్చటను ముగించాయి.

పెట్రోలును గాలితో తగుపాళ్లలో కలిపి ఇంజనుకు అందించేది కార్బురేటరు. ఈ కార్లలో చాలావాటికి నాలుగు గొంతులుండేవి. మామూలు నడకకు రెండు చాలు. కాలు గట్టిగా నొక్కితే మిగిలిన రెండూ తెరుచుకుంటాయి. 426 ఘనపుటంగుళాల 'హెమి' ఇంజనుకైతే అలాంటివి ఏకంగా రెండు!

అసలుది ఎందుకు పోతుంది?

ఇంజను దిమ్మ బరువైనది. దాన్ని మార్చడం పెద్ద పని. కార్బురేటరు సంగతి అలా కాదు. నాలుగు నట్లు విప్పితే వూడివస్తుంది. ఆ రోజుల్లో అది కారితే పాతది పారేసి కొత్తది బిగించుకునేవారు. పందెగాళ్లు ఇంకా పెద్దది తెచ్చి వేసేవారు. గాలి బాగా ఆడాలని కొందరు దాని పైభాగంలోని చోక్ గోడను కోసేసేవారు. ఆ గోడ మీదనే నంబరు వుండేది! మరమ్మతు కర్మాగారాల్లో వందలాది కార్బురేటర్లను ఒక్కసారే విప్పి, కడిగి, దీని మూత దానికీ, దాని అడుగు దీనికీ కలిపి బిగించేవారు. ఇది ఏనాటికైనా పురావస్తువవుతుందని ఎవరు కలగన్నారు?

అంకెలు చెప్పే కథ

ఒక ఉదాహరణ తీసుకుందాం. షెవ్రొలేవారి కమారో జెడ్-28 కారు 1967లో 602 మాత్రమే తయారైతే, 1969లో 20,302 తయారైనాయి. ఆ 1969 కారు మీద హాలీ కంపెనీవారి కార్బురేటరు వుండాలి. దాని చోక్ గోడ మీద 4053 అనే హాలీ నంబరూ, 3923289 అనే జనరల్ మోటార్స్ నంబరూ వుంటాయి. వాటి కింద మూడంకెల తేదీ గుర్తు వుంటుంది. 923 అని వుంటే, 9 అంటే 1969. 2 అంటే ఫిబ్రవరి. 3 అంటే మూడోవారం.

ఇప్పుడు కారు ఒంటికి బిగించిన రేకు చూడాలి. దాని మీద 04 తరువాత 'సి' అక్షరం వుంటే ఏప్రిల్ మూడోవారంలో బాడీ తయారైందని అర్థం. రెండు నెలల ముందు కార్బురేటరు, తరువాత కారు: సవ్యంగానే వుంది. అలాకాక 951 అని వుంటే? అది మే నెల సరుకు. కారు పుట్టిన తరువాత పుట్టినది, కారుతోపాటే పుట్టిందంటే ఎవరు నమ్ముతారు?

రోచెస్టర్‌వారి 'క్వాడ్రాజెట్' పద్ధతి వేరు. దాని ఎడమపక్క వెనకభాగాన నంబరు నిలువుగా వుంటుంది. 7029తో మొదలైతే 1969 మోడలుది. షెవ్రొలే కార్లకు చివరి అంకె బేసి అయితే చేత్తో గేరు మార్చే బండిది, సరి అయితే ఆటోమాటిక్‌ది. తేదీ నాలుగంకెలు: 0459 అంటే 1969లో నలభై అయిదో రోజు, అనగా ఫిబ్రవరి 14.

కార్టర్, ఫోర్డు రకాలకు మర కింద చిన్న అల్యూమినియం బిళ్ల తగిలించేవారు. ఫోర్డు నంబరులో మొదటి అక్షరం 'సి' అయితే 1960లనాటిది. పక్కనున్న అంకె ఏ సంవత్సరమో చెబుతుంది. అయితే మర విప్పిన ప్రతిసారీ బిళ్ల పోయే ప్రమాదం వుంది. ఎక్కడిదో బిళ్ల తెచ్చి తగిలించడమూ అంతే తేలిక. కనుక బిళ్లనొక్కదాన్నే నమ్మరాదు.

దొంగ జాతకాలు

డబ్బున్నచోట మాయ వుండనే వుంటుంది. పాత అంకెలు అరగదీసి కొత్తవి పొడిచేవారున్నారు. అందుకే నిపుణుడు అంకెలకన్నా ముందు వాటి చుట్టూ వున్న లోహాన్ని చూస్తాడు. ఆకురాయి గీతలున్నాయా? అంకెలున్నచోట పల్లమైందా? అంకెల వాటం ఆనాటి అచ్చులతో కలుస్తున్నదా? మూత, నడుము, అడుగు మూడూ ఒకే వయసువిగా వున్నాయా? మరీ తళతళలాడే పసుపు పూత కూడా అనుమానించదగ్గదే. కొత్తపూత కోసం తోమితే మాయతోపాటు సాక్ష్యం కూడా చెరిగిపోతుంది.

అసలైన చిక్కు

ఇన్ని పరీక్షలూ నెగ్గినా ఒక ముడి విడదు. 1969నాటి షెవ్రొలే కారు నంబరులో కొంతభాగాన్ని ఇంజను దిమ్మ మీద కూడా పొడిచేవారు. కార్బురేటరు మీద అలాంటిదేమీ లేదు. అది 'ఈ రకం కారుది, ఈ కాలానిది' అని చెప్పగలదే గాని, 'ఈ కారుదే' అని చెప్పలేదు. అదే వారంలో తయారైనది మరో కారు నుంచి వూడదీసి తెచ్చినా అంకెలు చక్కగా కుదురుతాయి. సీటు స్ప్రింగుల మధ్య ఒక్కొక్కప్పుడు దొరికే ఫ్యాక్టరీ కాగితం కూడా ఏ రకం బిగించాలో చెబుతుందే గాని, ఏది బిగించారో చెప్పదు.

అందుచేత నిజాయితీగల అమ్మకందారు 'రకం సరైనది, తేదీ సరైనది' అని చెప్పి ఆగుతాడు. 'పుట్టుకతో వచ్చినదే' అనాలంటే మొదటినుంచీ కారు ఒక్కచోటనే వుండాలి. పాత రసీదులో, ఫోటోలో, ఎరిగినవారి సాక్ష్యమో వుండాలి. ఈ రెండు మాటల నడుమ వున్న ధర తేడాలోనే కొనేవాడి కొంప మునిగేది.

పాతకారు చేతికి వచ్చినవారికి ఒక్క సలహా. కార్బురేటరు పాడైతే కొత్తది బిగించుకోండి, తప్పులేదు. పాతదాన్ని తోమవద్దు, పాతసామాన్లవాడికి తూచి అమ్మవద్దు. ఫోటో తీసి, రసీదుతోపాటు పెట్టెలో వుంచి, కారుతోపాటే తరువాతివారికి అప్పగించండి. ఆ మసిపట్టిన ముద్ద చెప్పగల సాక్ష్యం, ఎంత మెరిసే కొత్త పూతకైనా చెప్ప శక్యం కాదు.