మీకు తెలుసా? కుర్చీ కదలకుండా 108 కిలోమీటర్ల ఎత్తుకు!

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో బోయింగ్ 737ను ఎంత పైకి తీసుకెళ్లవచ్చు? ఆ విమానంలో కొత్త రకాలకు అనుమతి ఉన్న గరిష్ఠ ఎత్తు 41,000 అడుగులు. మంచి సిమ్యులేటరైతే అంతకు మించి ఎక్కడానికి మొరాయిస్తుంది, ఎందుకంటే అది గాలి సాంద్రతను కూడా లెక్కగడుతుంది. 60,000 అడుగుల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో పదో వంతు కూడా ఉండదు. ఆ ఎత్తులో వేగం కాస్త తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు. కాస్త పెరిగితే విమానం విపరీతంగా అదురుతుంది. అంత ఎత్తులో ఎగిరే యూ-2 గూఢచారి విమాన పైలట్లకు ఈ రెండు హద్దుల మధ్య మిగిలే వెసులుబాటు చాలా కొద్ది.

సిమ్యులేటర్ల విషయంలో అసలు విశేషం అమెరికా రాకెట్ విమానం ఎక్స్-15ది. దాని పైలట్లు పది, పన్నెండు నిమిషాల ప్రయాణం కోసం సిమ్యులేటర్‌లో గంటల తరబడి సాధన చేసేవారు. ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలోని ఆ సిమ్యులేటర్ కాక్‌పిట్ అసలు కదిలేదే కాదు. అనలాగ్ కంప్యూటర్లు లెక్కలు కడుతుంటే మీటర్లలో ముళ్లు తిరిగేవి, అంతే. ఒంటి మీద పడే ఒత్తిడిని అలవాటు చేసుకోవడానికి జాన్స్‌విల్‌లోని పెద్ద సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిరగాల్సి వచ్చేది. గాలి లేనిచోట చుక్కాని పనిచేయదు కాబట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నడిచే చిన్న థ్రస్టర్లతో విమానం ముక్కు తిప్పడం కూడా నేర్చుకోవాల్సి వచ్చేది. ఇంత కసరత్తు చేసిన ఎక్స్-15 పైలట్ జో వాకర్ 1963 ఆగస్టు 22న నిజంగానే 3,54,200 అడుగులకు, అంటే సుమారు 108 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, క్షేమంగా దిగాడు.