మెయిన్ ఆపినా కరెంటు ఉండొచ్చు: పలు భవనాలు చూసే ఎలక్ట్రికల్ ఇంజినీరు పనిలో ప్రమాదం ఎక్కడుంది?

హైదరాబాద్, విశాఖపట్నం, బెంగళూరు వంటి నగరాల్లో చాలా అపార్టుమెంట్లకు, చిన్న కార్యాలయ భవనాలకు సొంత ఎలక్ట్రికల్ ఇంజినీరు ఉండరు. నిర్వహణ సంస్థ తరఫున ఒకే వ్యక్తి అనేక భవనాలను చూసుకుంటారు. ఉదయం ఒకచోట లిఫ్టు ప్యానెల్, మధ్యాహ్నం మరోచోట నీటి మోటారు, సాయంత్రం ఇంకోచోట జనరేటర్. పని ఒకటే అనిపించినా, ఏ రెండు భవనాల వైరింగూ ఒకేలా ఉండదు. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది.

మన దేశంలో ఫేజ్‌లకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ తీగలు వాడటం ఆనవాయితీ. పాత భవనాల్లో మరమ్మతుకు వచ్చినవారు చేతికందిన రంగు తీగ వేసి వెళ్లి ఉండొచ్చు. ప్యానెల్ తలుపుకు అతికించిన డ్రాయింగ్ భవనం కట్టిన నాటిదైతే, తర్వాత చేరిన ఏసీలు, వాహన చార్జర్లు, సోలార్ ప్యానెళ్లు అందులో కనిపించవు.

మెయిన్ స్విచ్ ఆపితే సరిపోదా? సరిపోదు. సరఫరా పోయిందని గుర్తించిన ఆటోమేటిక్ ప్యానెల్ కొద్ది సెకన్లలోనే జనరేటర్‌ను నడిపిస్తుంది. యూపీఎస్ బ్యాటరీల మీద పనిచేస్తూనే ఉంటుంది. సోలార్ ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ తీగల్లో ఎండ ఉన్నంతసేపూ వోల్టేజీ ఉంటుంది. కెపాసిటర్లు స్విచ్ ఆపాక కూడా కొంతసేపు చార్జిని నిలుపుకుంటాయి.

అందుకే కరెంటు వచ్చే దారులన్నీ విడదీసి, స్విచ్‌లకు తాళం వేసి, హెచ్చరిక చీటీ తగిలించి, తాళంచెవి తన వద్దే ఉంచుకోవాలి. ఆ తర్వాత టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట, తర్వాత పనిచేయాల్సిన చోట, మళ్లీ కరెంటున్న చోట పెట్టి చూడాలి. మధ్యలో టెస్టరే చెడిపోతే, అదీ ‘కరెంటు లేదు’ అన్నట్టే కనిపిస్తుంది మరి. స్క్రూడ్రైవర్ టెస్టర్‌లో దీపం వెలగలేదని తీగ పట్టుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన చెడ్డ అలవాటు.

నివాసితులకు నష్టం తెచ్చే లోపాల్లో వదులైన న్యూట్రల్ ముఖ్యమైనది. మూడు ఫేజ్‌ల సరఫరాలో ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య సుమారు 230 వోల్టులు, రెండు ఫేజ్‌ల మధ్య సుమారు 400 వోల్టులు ఉంటాయి. భవనానికి వచ్చే న్యూట్రల్ తెగితే, తక్కువ లోడున్న ఫేజ్‌లోని ఫ్లాట్లకు 400కు చేరువయ్యే వోల్టేజీ వెళ్లవచ్చు. టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. మామూలు ఎంసీబీ దీన్ని పసిగట్టదు.

ఇంతలో ఇంకో భవనం నుంచి ఫోన్ వస్తుంది: ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతోంది, దాన్ని తప్పించి నేరుగా కలిపేయమని. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచేస్తుంది. అది పడుతోందంటే తడిసిన గీజరో, దెబ్బతిన్న తీగో ఎక్కడో ఉందన్నమాట. ఒక్కో సర్క్యూట్‌ను విడదీసి వెతకడానికి గంట పట్టవచ్చు. ఈలోగా చీకట్లో ఉన్నవారి కోపాన్ని భరించడమూ ఈ ఉద్యోగంలో భాగమే.